ఆపరేషన్‌కు కార్డుంది... మాత్రకేదీ?

కీళ్ల జబ్బు వచ్చిన మనిషికి మన రెండు రాష్ట్రాల్లో వైద్యం సులువుగా దొరికేది రెండే చోట్ల. ఒకటి ఊళ్లో ఆర్‌ఎంపీ గది. రెండోది పట్నంలో ఆపరేషన్ థియేటర్. మొదటి చోట నొప్పి తెలియకుండా చేస్తారు. రెండో చోట పాడైపోయిన కీలు తీసేసి కొత్తది వేస్తారు. కీలు పాడవకుండా ఆపే వైద్యం ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. అక్కడికి చేరేలోపే చాలామందికి చేతివేళ్లు వంకర తిరిగిపోతున్నాయి.

మందులు లేక జరుగుతున్న నష్టం కాదిది. మందులున్నాయి, చవగ్గానే ఉన్నాయి. కొన్ని హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైన మందు పుట్టుకలో ఒక భీమవరం మనిషి చెయ్యి ఉంది. ఆ మందును సరైన మనిషికి, సరైన నెలలో అందించే దారే మనం వేసుకోలేదు.

పేరు లేని తెల్ల మాత్ర

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉన్న వాడకట్టు ఏదైనా తీసుకోండి. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. ఆకు పరిచి, తంబాకు పోసి, వేళ్లతో చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పనంతా బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ చేసేదే. ఆ వేళ్ల మొదళ్లలో వాపు మొదలైతే ఏమవుతుంది? పొద్దున లేచేసరికి చెయ్యి పిడికిలి కాదు. ఆకు అంచు నొక్కిపట్టడం రాదు. దారం ముడి జారిపోతుంది. పది, పదకొండు గంటలకు ఎండెక్కాక వేళ్లు కాస్త వదులవుతాయి. అప్పుడు కూర్చుంటే రోజూ చుట్టేదాంట్లో సగం కూడా కాదు.

‘‘పొద్దుగాల లేస్తే ఏళ్లు ముడుసుకుంటలేవు సారూ’’ అని ఆమె వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికే. తప్పు పట్టడానికి లేదు. ఆయన ఊళ్లోనే ఉంటాడు. రాత్రి పదింటికి పిలిచినా బండేసుకుని వస్తాడు. పైసలు లేకపోతే మళ్లీ ఇమ్మంటాడు. పేరు పెట్టి పలకరిస్తాడు. ఒక డైక్లో సూది, ఒక డెక్సా సూది కలిపి పొడుస్తాడు. ఇంట్లో వేసుకోవడానికి కాగితం పొట్లంలో నాలుగు రకాల మాత్రలు కడతాడు. అందులో ఒకటి చిన్న తెల్ల మాత్ర. దాని పేరు ఆమెకు తెలియదు, అడగదు కూడా. సాయంత్రానికి నొప్పి మాయం. మర్నాడు చేతులు ఆడతాయి. పైగా రెండు మూడు నెలల్లో ముఖం నిండుగా అవుతుంది, ఆకలి పెరుగుతుంది, ఒళ్లు చేస్తుంది. ‘సార్ మందు పడ్డది’ అని వాడంతా అనుకుంటుంది.

ఆ తెల్ల మాత్ర చాలాసార్లు స్టెరాయిడ్. ముఖం నిండింది ఆరోగ్యంతో కాదు, ఆ మందు చేసిన వాపుతో. ఈ మాయ ఊరి డాక్టర్‌తో మొదలైంది కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక యువతికి కార్టిసోన్ ఎక్కించాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ప్రపంచం అబ్బురపడింది. 1950లో ఆయనకూ, మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో చక్కెర పెరుగుతుందనీ, ఎముకలు గుల్లబారుతాయనీ, చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ముదురుతుందనీ ఆ తర్వాత తెలిసొచ్చింది. ఇవాళ కీళ్లవాత నిపుణులు కూడా స్టెరాయిడ్ ఇస్తారు. కానీ తక్కువ మోతాదులో, కొద్ది వారాలు, అసలు మందు పని అందుకునేదాకా. మన ఊళ్లలో ఆ అసలు మందు ఊసే లేకుండా ఏళ్ల తరబడి నడిచేది ఈ కొసరు మందే.

‘నూరు శాతం ఆయుర్వేదం’ అని డబ్బా మీద రాసి, లోపల ఇదే స్టెరాయిడ్ కలిపి అమ్మే పొడులు వేరే సంగతి. మూడు రోజుల్లో మోకాళ్లు పరుగెత్తిస్తామని చెప్పే ఏ పొడినైనా అనుమానించడం మంచిది. అసలైన ఆయుర్వేద వైద్యుడు కూడా మూడు రోజులని మాటివ్వడు.

నొప్పులన్నీ ఒకటి కావు

మోకాళ్ల నొప్పులంటే ‘గుజ్జు అరిగింది’ అనేది ఊరందరి నోటి మాట. అరవై దాటిన పెద్దమ్మ విషయంలో అది చాలావరకు నిజమే. బరువు మోసీ మోసీ, వయసు మీదపడీ కీలులోని మృదులాస్థి పలచబడే ఈ అరుగుదల జబ్బు ప్రపంచంలో 52 కోట్ల మందికి పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్క. దీనికి తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైనప్పుడు నొప్పి మాత్ర, చివరికి కీలుమార్పిడి. మధ్యలో అమెరికా నుంచి పిల్లలు తెచ్చే గ్లూకోసమైన్ డబ్బా ఒకటుంటుంది. ఆ డబ్బా మన మధ్యతరగతి ఇళ్లలో పూజగది తర్వాత పూజగది. ఆ అమెరికాలోనే కీళ్లవాత వైద్యుల కళాశాల 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ వద్దని గట్టిగా చెప్పింది. పిల్లల ప్రేమను కాదనలేం గానీ, ఆ డబ్బుతో ఫిజియోథెరపిస్టు దగ్గర కొన్ని వారాలు వ్యాయామం నేర్చుకోవచ్చు.

ఈ కథనం ఎక్కువగా మాట్లాడేది రెండో రకం గురించి. రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన వాళ్లు కీళ్లవాతమనేది దీన్నే. ఇందులో కీలు అరగదు, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లకు కూడా వస్తుంది. రెండు చేతుల వేళ్ల మొదళ్లు, మణికట్లు, పాదాల చిన్న కీళ్లు ఒకేసారి వాస్తాయి. అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. కీళ్లవాతం దీనికి విరుద్ధం. పొద్దున లేచాక బిగుసుకుపోయిన కీళ్లు అరగంట, గంట, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా వదలవు. పని చేస్తున్నకొద్దీ కాస్త నయమనిపిస్తుంది.

ఈ తేడా చాలా ఇళ్లలో గొడవ తెస్తుంది. పొద్దున వాకిలి ఊడ్చలేని కోడలు సాయంత్రం చపాతీలు ఒత్తుతుంటే అత్తగారికి అనుమానం. ‘పొద్దున్నే వచ్చే నొప్పి సాయంత్రం ఎటు పోయింది?’ అని దెప్పుతుంది. ఆ దెప్పిపొడుపే నిజానికి డాక్టర్‌కు కావలసిన సమాచారం. పెళ్లి కావలసిన పిల్లకైతే జబ్బు పేరు బయటికి పొక్కనివ్వరు. చూపించడానికి సొంత ఊళ్లో కాకుండా ఎవరూ ఎరగని పట్నానికి, అదీ సంబంధం కుదిరాకో, కాన్పయ్యాకో తీసుకెళతారు. ప్రపంచంలో ఈ జబ్బు ఉన్న కోటీ ఎనభై లక్షల మందిలో 70 శాతం ఆడవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యానికి అదీ ఒక కారణమని వేరే చెప్పాలా?

మన దగ్గర ఎంతమంది? ఢిల్లీ దగ్గరి పల్లెల్లో చేసి 1993లో ప్రచురించిన ఒక సర్వేలో పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. అందులో పెద్దవాళ్లకు ఆ శాతం వేసుకున్నా నాలుగు లక్షల పైచిలుకు తేలుతారు. ఇది నా కూడికే తప్ప సర్కారు లెక్క కాదు. పుణె దగ్గర భిగ్వాన్ గ్రామంలో 1996లో ఇంటింటి సర్వే మొదలుపెట్టిన డాక్టర్ అరవింద్ చోప్రా బృందానికి, జనం తమంతట తాము చెప్పుకున్న బాధల్లో కీళ్లూ కండరాల నొప్పులే అన్నిటికన్నా ముందు కనిపించాయి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కార్డుల్లో మాత్రం వాటికి గడి లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు కూడా ఉంది. 2005 చివర్లో దేశంలోకి చికున్‌గున్యా తిరిగొచ్చినప్పుడు ముందు దెబ్బతిన్నది ఆంధ్రప్రదేశే. 2006లో దేశమంతటా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి పీడించాయి. అప్పటి నుంచి ఏ కీలు వాచినా ‘ఆ జ్వరం తాలూకే’ అని సరిపెట్టుకోవడం అలవాటైంది. ఆ అలవాటు మాటున అసలు కీళ్లవాతం దాక్కుంటే ఎవరికి తెలుస్తుంది?

యువకుల సంగతి ఒక్క మాటలో. పాతికేళ్ల కుర్రాడికి నడుం నొప్పితో తెల్లవారుజామున మెలకువ వస్తూ, లేచి తిరిగితే తగ్గుతుంటే అది డిస్కు సమస్య కాకపోవచ్చు. వెన్నుపూసలను ఒకదానికొకటి అతికించేసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. బెల్టు కట్టుకుని ఏళ్లు గడిపేవాళ్లు చాలామంది ఉంటారు. చిన్నపిల్లలకూ కీళ్లవాతం వస్తుంది. ‘ఎదిగే నొప్పులు’ అని కొట్టిపారేసే ముందు మోకాలో, చీలమండో వాచిందేమో తడిమి చూడాలి.

ఎవరికి చూపించాలి?

కీలు నొప్పి పెడితే ఎముకల డాక్టర్ దగ్గరికి పోవడం సహజం. ఎముకల డాక్టర్లు తాలూకా పట్టణాల్లో కూడా ఉన్నారు. కీళ్లవాతానికి చూడాల్సింది రుమటాలజిస్టు. సర్జన్ కాదు, మందులతో వైద్యం చేసే డాక్టర్. ఇలాంటి నిపుణులున్నారనే సంగతి చదువుకున్నవాళ్లలోనూ చాలామందికి తెలియదు. తెలిసినా దగ్గర్లో ఉండరు. హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో ఈ విభాగం ఏనాటి నుంచో ఉంది, కొత్త నిపుణులను కూడా తయారుచేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిపుణులు విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, తిరుపతి లాంటి పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు. పార్వతీపురం ఏజెన్సీ గూడెం నుంచి విశాఖకు రావాలంటే ఆటో, బస్సు, మళ్లీ బస్సు.

బస్సనగానే ఒక మాట. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. కీళ్లవాతం ఉన్న పేద ఇల్లాలికి ఇది నిజంగా పెద్ద సాయం. నెలకోసారి పెద్దాసుపత్రికి వెళ్లే దారి ఖర్చు తప్పింది. కానీ పల్లెవెలుగు మొదటి మెట్టు నేల నుంచి ఎంత ఎత్తుంటుందో ఎప్పుడైనా చూశారా? మోకాలు వంగని మనిషి కమ్మీ పట్టుకుని పైకి లాక్కోవాలి. వేళ్లు వాచిన మనిషికి ఆ కమ్మీ పట్టే దొరకదు. అందుకే ఆమె ఒక్కతే వెళ్లలేదు. తోడుగా మొగుడో, కొడుకో రావాలి. అతనికి టికెట్టుంటుంది, ఆ రోజు కూలీ పోతుంది. జబ్బు ఒకరిది, పోయేది ఇద్దరి కూలి. అందుకే మొదటిసారి వెళ్లినవాళ్లలో చాలామంది మూడో నెలకు మానేస్తారు.

ఇక పరీక్షలు. రక్తంలో ఆర్ఏ ఫ్యాక్టర్ అనే పరీక్ష ఒకటుంది. ల్యాబు చీటీలో ‘పాజిటివ్’ అని వస్తే జీవితం అయిపోయిందని ఏడ్చేవాళ్లున్నారు. ‘నెగటివ్’ అని వస్తే వాతం లేదని మందు మానేసేవాళ్లూ ఉన్నారు. రెండూ పొరపాటే. ఏ జబ్బూ లేనివాళ్లలో కొందరికి అది పాజిటివ్ వస్తుంది. కీళ్లవాతం నిక్షేపంగా ఉన్నవాళ్లలో కొందరికి నెగటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే ఇంకో పరీక్ష కాస్త నమ్మదగినది, ఖరీదూ ఎక్కువే. అన్నిటికన్నా నమ్మదగిన పరికరం డాక్టర్ బొటనవేలు. వేళ్ల మొదళ్లను ఒక్కొక్కటిగా నొక్కి, మెత్తగా వాచిందా, నొక్కితే నొప్పా అని చూడటం. దానికి రెండు నిమిషాలు చాలు. రద్దీ ఓపీలో ఆ రెండు నిమిషాలే దొరకవు.

అందుకే టెలీమెడిసిన్ మీద పెట్టుకున్న ఆశలకు ఒక హద్దుంది. కేంద్రం ఈ-సంజీవని తెచ్చాక పల్లె నుంచే పెద్ద డాక్టర్‌తో మాట్లాడే వీలు కలిగింది. దాన్ని బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. మందు మోతాదు సరిచేయడానికి, రక్తపరీక్ష చీటీ చూపించడానికి అది బాగా పనికొస్తుంది. జబ్బును మొదటిసారి తేల్చడానికి మాత్రం చెయ్యి చేతిలో పెట్టి చూపించాల్సిందే.

తొందర దేనికంటే, ఈ జబ్బుకు మొదటి ఆరు నెలలూ బంగారం. వాపు మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లో అసలు మందు పడితే చాలామందిలో జబ్బు దాదాపు నిద్రపోతుంది. మొదటి రెండేళ్లలోనే ఎముక అంచులు తినేయడం మొదలవుతుంది. వంకర తిరిగిన వేలు మళ్లీ తిన్నగా కాదు. ఆర్‌ఎంపీ సూదులకు ఒక ఏడాది, పసరు మందుకు ఇంకో ఏడాది, ఎముకల డాక్టర్ దగ్గర కాల్షియం మాత్రలకు మరో ఏడాది ఇచ్చుకుంటూ పోతే, నిపుణుడి దగ్గరికి చేరేసరికి ఆయన కాపాడగలిగేది సగమే.

భీమవరం నుంచి వచ్చిన మందు

కీళ్లవాతానికి ప్రపంచమంతా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందం చేసిన పని ఇది. ఆ బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దానికి అడ్డుతగిలే మందులనూ అక్కడే తయారుచేసి, పిల్లల్లో రక్త క్యాన్సర్ మీద ప్రయోగించడానికి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు పంపారు. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. ఇదే మందును అతి తక్కువ మోతాదులో వారానికోసారి ఇస్తే కీళ్లవాతం అణుగుతుందని ఎనభైల నాటి అధ్యయనాలు తేల్చాయి. 1988లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. ఇవాళ కీళ్లవాత రోగి ఒక రోజు మెథోట్రెక్సేట్, వేరే రోజు ఫోలిక్ ఆమ్లం వేసుకుంటుంది. రెంటి వెనకా ఉన్నది ఆయన బృందమే.

దీని ఖర్చు? జనరిక్ అయితే వారానికి ఒక ప్లేటు ఇడ్లీ కన్నా తక్కువే. అంటే డబ్బు లేక ఈ మందు అందడం లేదన్న మాట చెల్లదు. దీంతో జాగ్రత్తలు మాత్రం చాలానే ఉన్నాయి. నెలకో, రెండు మూడు నెలలకో రక్తకణాలు, కాలేయం పరీక్ష చేయించాలి. కడుపుతో ఉన్నవాళ్లూ, బిడ్డ కావాలనుకుంటున్నవాళ్లూ వాడకూడదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. ఇది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు. మన ఇళ్లలో మాత్ర అంటే రోజూ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అలవాటు కొద్దీ దీన్నీ రోజూ మింగితే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద గొలుసుకట్టు ఇంగ్లిషులో రాసిన మాట చదవలేక, పొట్లం మీద మందులషాపు కుర్రాడు పెట్టిన గీతలు నమ్మి ఈ తప్పు చేసేవాళ్లున్నారు. డాక్టర్ చీటీ మీద ‘బుధవారం మాత్రమే’ అని తెలుగులో రాస్తే ఖర్చయ్యేది ఒక్క చుక్క సిరా.

మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలని వాళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, లెఫ్లునమైడ్ తోడు చేస్తారు. 2020 మార్చిలో గుర్తుందా, కరోనాకు మందంటూ జనం హైడ్రాక్సీక్లోరోక్విన్ డబ్బాలకు డబ్బాలు కొని బీరువాల్లో దాచారు. ఏళ్లుగా అదే మందు మీద నెట్టుకొస్తున్న కీళ్లవాత, లూపస్ రోగులు షాపు షాపూ తిరిగారు. కరోనాకు ఆ మందు పనిచేయలేదని తర్వాత తేలింది.

వీటికీ లొంగనివాళ్లకు బయోలాజిక్ ఇంజెక్షన్లు. ఒకప్పుడు లక్షల మాట. 2007లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ మందును తనే తయారుచేసి రెడిటక్స్ పేరుతో తెచ్చింది. 2014 చివర్లో అహ్మదాబాద్‌కు చెందిన జైడస్, అడాలిముమాబ్ నకలు మందును అసలు మందు ధరలో అయిదో వంతుకే అందిస్తామని ప్రకటించింది. నోటి ద్వారా వేసుకునే టోఫాసిటినిబ్ ధర కూడా జనరిక్‌లు వచ్చాక బాగా దిగింది. అయినా బయోలాజిక్ మందులంటే ఇప్పటికీ వేలల్లోనే ఉంటాయి, అదీ నెలల తరబడి. టీబీ ఎక్కువున్న దేశం కాబట్టి ఈ మందులకు ముందు టీబీ పరీక్ష తప్పదు. ఈ దశకు వచ్చిన రోగి ఏ కార్డు చూపించాలి?

కార్డు ఎక్కడ ఆగిపోతోంది

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే రోజులకు అది అడ్డుకట్ట వేసింది. దాని మేలు తక్కువ చేసి చెప్పే ఉద్దేశం లేదు. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. ఇప్పుడక్కడ ఎన్టీఆర్ వైద్యసేవ. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి 5 లక్షలిస్తుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా వర్తిస్తోంది. జిల్లా స్థాయి సర్కారు ఆసుపత్రుల్లోనే మోకీలు మార్పిడి చేస్తున్న రోజులివి. 2017 ఆగస్టులో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు పగ్గం వేసింది. అప్పటిదాకా సగటున లక్షా 58 వేలు పలికే కోబాల్ట్ క్రోమియం కీలు 54,720 రూపాయలకు దిగింది. పన్ను అదనం.

ఇవన్నీ మంచివే. కానీ ఒక్కసారి వరసగా చూడండి. అన్నీ మనిషి ఆసుపత్రిలో పడక మీదికి చేరాక పనిచేసేవే. ఈ పథకాల లెక్కలో వైద్యమంటే ప్రధానంగా ప్యాకేజీ. ప్యాకేజీ అంటే చేరడం, చేయించుకోవడం, డిశ్చార్జి కావడం. కీళ్లవాత రోగి పడక మీద చేరదు. ఆమెకు కావలసింది మూడు నెలలకోసారి ఓపీ చీటీ, రక్తపరీక్ష, నెలనెలా మాత్రల డబ్బా. వాటికి కార్డు గీకే మిషన్ ఎక్కడా లేదు. పదేళ్లు మాత్రకు పెట్టాల్సిన డబ్బు ఆదా చేసి, పదకొండో ఏట కీలుమార్పిడికి దర్జాగా బిల్లు కడుతున్న ఏర్పాటిది. సర్కారు ఖజానా కోణంలో చూసినా ఇది తెలివైన లెక్క కాదు.

ఇప్పుడు ఆ గడి లేని కార్డు సంగతి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరినీ ఏఎన్ఎం, ఆశ కార్యకర్తలు బీపీకీ, షుగర్‌కీ, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకూ పరీక్షిస్తున్నారు. బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా ఊళ్లోనే ఇస్తున్నారు. చక్కటి ఏర్పాటు. దీర్ఘకాలిక జబ్బుల జాతీయ కార్యక్రమంలో గుండె, పక్షవాతం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం ఉన్నాయి. కీళ్లు లేవు. ఎందుకు లేవంటే, కీళ్లవాతం ఎవర్నీ ఉన్నపళాన చంపదు కనుక. మంచాన వేస్తుంది, అంతే.

కొత్తగా కట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఆశ అడిగే ప్రశ్నల్లో ఒకటి కలపాలి: పొద్దున లేచాక చేతులు అరగంటకు పైగా బిగుసుకుపోతున్నాయా? అవునంటే పీహెచ్‌సీ డాక్టర్ వేళ్ల మొదళ్లు నొక్కి చూస్తారు. వాపుంటే జిల్లా ఆసుపత్రికి. జిల్లా ఆసుపత్రిలో నెలకు కొన్ని రోజులైనా కీళ్లవాత క్లినిక్ పెట్టి, నిమ్స్ లాంటి చోట శిక్షణ పొందిన జనరల్ ఫిజీషియన్‌ను కూర్చోబెట్టాలి. ఒకసారి మందు ఖాయమైతే మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం పీహెచ్‌సీలోనే బీపీ మాత్రతో పాటు ఇవ్వొచ్చు. రక్తపరీక్షలకు కూడా దారి ఉంది. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పీహెచ్‌సీలో రక్తం తీసి, జిల్లా ల్యాబులో పరీక్షించి, ఫలితం పంపుతోంది. రక్తకణాల లెక్క, కాలేయ పరీక్ష అందులో ఉన్నవే. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టరే ఊళ్లోకి వచ్చే పద్ధతి 2023లో మొదలైంది. రైలు పట్టాలున్నాయి, ఒక్క స్టేషన్ కట్టాలి.

ఆర్‌ఎంపీలను వెలేస్తే పని జరగదన్నది నా అభిప్రాయం. ముందుగా రోగిని చూసేది వాళ్లే. ‘నెల దాటిన వాపుకు సూది వద్దు, చీటీ రాసి పంపండి’ అని నేర్పితే ఆరు నెలల బంగారంలో మొదటి నెల మిగులుతుంది. వైద్య సంఘాలకు ఈ మాట రుచించదు. రోగి వైపు నుంచి చూస్తే వేరే దారి కనపడదు.

మంచి రోజున క్యాంపు

కీళ్లు పూర్తిగా దెబ్బతిన్నాక మిగిలేది పింఛను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కీళ్లవాతానికి విడిగా పేరు లేదు. కదలికకు సంబంధించిన వైకల్యం కింద లెక్కిస్తారు. పింఛను రావాలంటే వైకల్యాన్ని కొలిచి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000, తెలంగాణలో 2023 జులై నుంచి 4,016 రూపాయలు. మందుల ఖర్చుకు ఇది నిజంగా ఊతం.

చిక్కేమిటంటే కీళ్లవాతం ఒక రోజులా ఇంకో రోజు ఉండదు. సదరం క్యాంపులో స్లాటు దొరికిన రోజు నొప్పి తగ్గి ఉంటే, ఆమె నడుచుకుంటూ లోపలికి వెళుతుంది. పొద్దున బిగుసుకున్న చేతులు పన్నెండింటికి వంతు వచ్చేసరికి వదులవుతాయి. మణికట్టు ఎంత తిరుగుతోంది, మోకాలు ఎంత వంగుతోంది అని కొలుస్తారు. ఆ గంటలో కొలిచిన కోణమే ఆమె వైకల్యం. వారం ముందు కొడుకు అన్నం కలిపి తినిపించిన సంగతి ఏ గడిలోనూ పడదు. నెలల తరబడి చికిత్స రికార్డును, రోగి పగలంతా ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే తప్ప ఈ అన్యాయం పోదు. అదే రోగి నెలనెలా పింఛను కోసం వేలిముద్ర వేయాలి. ఏళ్ల తరబడి ఆకు చుట్టి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టకపోతే అదో తిప్పట.

రాష్ట్రాలు తమ పని చేసేలోగా పాఠకులు చేయదగ్గది ఒకటుంది. మీ ఇంట్లో ఎవరికో, మీ ఇంటి పనికి వచ్చే మనిషికో ఆరు వారాలుగా వేళ్లు, మణికట్లు వాచి, పొద్దున అరగంట దాటినా వదలకపోతుంటే చికున్‌గున్యా అనీ, వయసనీ సర్దిచెప్పకండి. రుమటాలజిస్టుకు చూపించండి. దగ్గర్లో లేకపోతే జిల్లా ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లి ‘కీళ్లవాతమేమో చూడండి’ అని నోరు తెరిచి అడగండి. ఇప్పటికే ఊళ్లో పొట్లం మందు వాడుతుంటే, అందులో ఉన్న తెల్ల మాత్ర పేరు ఇచ్చిన ఆర్‌ఎంపీతోనే కాగితం మీద రాయించుకోండి. స్టెరాయిడ్ అయితే భయపడి ఒక్కసారిగా ఆపేయకండి, అలా ఆపితే ఒళ్లు కూలబడుతుంది. ఆ కాగితం పట్టుకుని పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెల్లగా ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు.